బస్సు అంటే అసలు అర్థమేంది? (మా అక్క బిడ్డకు జవాబు చెప్పాలె)

నయీంనగర్ మామ
అందరికి దండం. నిన్న సాయంత్రం హన్మకొండ బస్టాండుల పరకాల బస్సు కోసం గంటసేపు నిలబడ్డం. నేను, మా అక్క బిడ్డ. తొమ్మిదో తరగతి చదువుతది. బస్సు రాలేగని ప్రశ్న వచ్చింది. "మామా, బైసికిల్ అంటే రెండు చక్రాలు అని మా మేడం చెప్పింది. మరి బస్ అంటే ఏంది?" అన్నది. నాకేం ఎరుక! బస్ అంటే బస్సే అన్న. "అది అర్థం కాదు మామా, పేరు" అన్నది.

పక్కన కూసున్న పెద్దమనిషి ఒకాయన మధ్యల అందుకొని, "బస్సు మన తెలుగు మాటే బిడ్డా. బస నుంచి వచ్చింది. మనుషులు బస చేస్తరు గదా, గట్ల" అన్నడు. ఆయన అంత ధీమాగ చెప్పేసరికి నేను గూడ తలకాయ ఊపిన. ఇంటికి పోయినంక అనుమానం పుట్టింది. బస చేసుడంటే ఒక్కకాడ ఉండుడు. బస్సు ఎక్కేది ఆడ ఉండొద్దనే గదా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి. పొద్దుగాలకల్ల జవాబు చెప్పకుంటే ఆమె నన్ను ఇడిసిపెట్టది.

కాజీపేట జంక్షన్
పరకాల బస్సు కోసం గంట నిలబడ్డవంటే అది బసే అన్నా. పెద్దాయన తప్పేం చెప్పలే.

పోచమ్మమైదాన్ మెకానిక్
ఉర్దూల బస్ అంటే చాలు. లోపల పట్టక కండక్టర్ "బస్, బస్" అని మొత్తుకుంటుంటే బండికి ఆ పేరే పడ్డది. నా పరిశోధన అయిపోయింది. బస్.

ఫాతిమానగర్ పాతకాపు
నవ్వులు తర్వాత నవ్వుకుందురు. నేను చిన్నప్పుడు సెమినరీల నాలుగేండ్లు చదివిన. ఫాదర్ అయ్యే రాత లేకపోయె, లాటిన్ మాత్రం కొంచెం అంటుకున్నది.

బస్ అనేది నిండు మాట కాదు, తోక. నిండు మాట ఓమ్నిబుస్. లాటిన్‌ల ఓమ్నెస్ అంటే అందరు, ఓమ్నిబుస్ అంటే అందరికి. పాత లాటిన్ పూజల పాపాలు ఒప్పుకునే జపం ఉంటది. అండ్ల "ఓమ్నిబుస్ సాంక్తిస్" అని వస్తది, అంటే సకల పునీతులకు. ఆ జపం నేను వందలసార్లు చెప్పిన. ఎన్నడూ హన్మకొండ బస్టాండు యాదికి రాలే, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు తమాషా చూడుండ్రి. ఆ మాటల అర్థం ఉన్న ముక్క "ఓమ్ని". "బుస్" అనేది ఉత్త ప్రత్యయం. మన "అందరికి"ల "కి" ఎట్లనో గట్ల. ఇంగ్లీషోళ్లు పొడుగు మాట పలుకలేక నెత్తి కోసి అవతల పారేసిండ్రు, తోకను ఉంచుకున్నరు. "అందరికి"ల నుంచి "అందరి" పోయి "కి" మిగిలింది. మనం రోజూ ఎక్కి దిగేది ఆ "కి"నే.

నయీంనగర్ మామ
సార్, నిజంగనా? అంటే మేము నిన్న "కి" ఎక్కి పరకాల పోయినమా?

కాజీపేట జంక్షన్
"కి" కోసం గంట నిలబడ్డరు.

మట్టెవాడ తెలుగు సారు
చిన్న సవరణ. ముప్పై ఏళ్లు విభక్తులు వల్లె వేయించిన వాణ్ణి, చూస్తూ ఊరుకోలేను. మన సంప్రదాయ వ్యాకరణంలో కిన్, కున్ షష్ఠిలో ఉన్నాయి. చతుర్థి అంటే కొఱకున్, కై. పాతకాపు గారు చెప్పిన లాటిన్ రూపం చతుర్థి. ఆ బండి అందరి కోసం పెట్టినది కాబట్టి "అందరి కొరకు" అనడమే సరైన అర్థం. కాబట్టి నర్సాపురం వెళ్లినా నర్సంపేట వెళ్లినా మీరు ఎక్కింది "కి" కాదు, "కొరకు".

ఇక బస సంగతి. తెలుగు మాట హల్లు దగ్గర ఆగడానికి ఇష్టపడదు. ఇంగ్లీషు మాట మన నోట్లో పడితే చివర ఒక ఉకారం వచ్చి కూర్చుంటుంది. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లు ఒత్తు పడుతుంది. పెన్ను, పిన్ను, కప్పు, ట్రక్కు, అలాగే బస్సు. అచ్చు పొడుగుదైతే ఒత్తు అక్కర్లేదు. కారు, జీపు, వ్యాను. ఇది ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదు, బడి మొహం చూడని అవ్వ కూడా ఇలాగే పలుకుతుంది. బస్సు వేషం చూస్తేనే తెలుస్తుంది, అది బయటి నుంచి వచ్చిన పొట్టి అచ్చు మాట అని. "బస" నుంచి పుట్టి ఉంటే ఆ ద్విత్వం ఎక్కడ ఎక్కిందో మీ పెద్దాయన చెప్పాలి.

అన్నట్టు, కారుచీకటిలోని కారుకూ రోడ్డు మీది కారుకూ చుట్టరికం లేదు. ఎవరైనా అడిగే లోపు నేనే చెప్పేస్తున్నాను.

హంటర్ రోడ్డు
అంతా మంచిగనే ఉన్నది. కని లాటిన్ మాట తీసుకపోయి బండికి ఎవడు తగిలిచ్చిండు? రోమోళ్ల కాలంల బస్సులు లేవు గదా?

ఫాతిమానగర్ పాతకాపు
ఫ్రాన్స్‌ల నాంత్ అని ఊరున్నది. అక్కడ స్తానిస్లా బోద్రి అని ఒకాయన. ఊరి చివర ఆయనకు పిండిమర ఉండె, ఆవిరితోని నడిచేది. వేడినీళ్లు ఊకెనే పోతున్నయని స్నానశాల పెట్టిండు. ఊరి నడుమ నుంచి అక్కడిదాక జనాన్ని తీసుకపోను 1826ల గుర్రాల బండి పెట్టిండు. కొన్నాళ్లకు చూస్తే, తానానికి పోయేటోళ్లకన్న నడుమ నడుమ దిగేటోళ్లే ఎక్కువున్నరు. స్నానం ఎవలకు కావాలె, బండి కావాలె జనానికి. గంతే, బండే యాపారమైంది. 1828ల ప్యారిస్‌ల గూడ పెట్టిండు.

పేరు సంగతి ఒక కథ చెప్తరు. బండి ఆగేకాడ ఓమ్నెస్ అనే ఇంటిపేరున్న టోపీల దుకాణమాయన "ఓమ్నెస్ ఓమ్నిబుస్" అని బోర్డు పెట్టుకున్నడట. మన దగ్గర అందె ఇంటిపేరాయన "అందె అందరికీ" అని రాసుకున్నట్టు. ఆ బోర్డు చూసి జనం బండిని గూడ ఓమ్నిబుస్ అన్నరట. కథ మస్తు అందంగున్నది, అందుకే నేను పూర్తిగ నమ్మ. దుకాణం లేకున్నా ఆ పేరు బండికి అతుకుతది. పైసలిస్తే ఎవలైనా ఎక్కొచ్చు, గదే దాని గొప్ప.

లండన్‌కు 1829 జులై 4న వచ్చింది. జార్జ్ షిల్లిబీర్ అనే ఆయన పాడింగ్టన్ నుంచి బ్యాంక్ అనే చోటు దాక నడిపిండు. మూడు గుర్రాలు, ఇరవైకన్న ఎక్కువ సీట్లు, ఒక షిల్లింగు టికెట్. కొన్నేండ్లల్లనే జనం ఓమ్నిబస్‌ను కోసి బస్ చేసిండ్రు. అంటే ఇంజన్ రాకముందే బస్ అనే పేరొచ్చింది. మొదటి బస్సుకు డీజిల్ వాసన లేదు, లద్ది వాసన ఉండె.

పరకాల పోరి
సార్ "అందరికి" అన్నరు గదా, అది మాకు మొన్ననే నిజమైంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు జీరో టికెట్. మా అమ్మ అంతకుముందు హన్మకొండకు ఏడాదికి రెండుసార్లు వచ్చేది, ఇప్పుడు చెల్లె ఇంటికి నెలకు రెండుసార్లు పోతున్నది. పైసలు అడిగే పని లేదు గదా.

కాజీపేట జంక్షన్
మరి మగోళ్లకు సీటేదక్కా? టికెట్ కొని నిలబడుడు మాదే. లాటిన్‌ల "అందరికి"ల మేము లేమా?

పరకాల పోరి
నిలబడు తమ్మీ, ఏం గాదు. ఇన్నేండ్లు మేము నడిచినం.

మట్టెవాడ తెలుగు సారు
సీట్ల తగాదా ఈ చర్చలో వద్దు గానీ, "అందరికి" అన్న మాట ఎందుకు అంత కొత్తదో చెప్పే ముచ్చట ఒకటుంది. నాంత్ బండికి 160 ఏళ్లకు పైగా ముందే, 1662లో, ప్యారిస్‌లో ఒకాయన ఇదే పని చేశాడు. నిర్ణీత దారి, నిర్ణీత వేళ, అయిదు సోల్‌ల (అప్పటి ఫ్రెంచి నాణెం) టికెట్. అచ్చం బస్సే. కానీ సైనికులూ నౌకర్లూ చాకర్లూ ఎక్కకూడదని అక్కడి న్యాయస్థానం కట్టడి పెట్టింది. పెద్దమనుషులకు మాత్రమే నడిచే బండికి పెద్దమనుషులు మోజు తీరేదాకా ఎక్కారు, తర్వాత మానేశారు. సేవ మూతపడింది. ఆ బండ్లు పెట్టినాయన పేరు బ్లేజ్ పాస్కల్.

హంటర్ రోడ్డు
ఫిజిక్స్‌ల ప్రెషర్ కొలిచే పాస్కలా సార్?

మట్టెవాడ తెలుగు సారు
ఆయనే. ఆ కొలతకు ఆయన పేరే పెట్టారు. బండ్లు మొదలైన ఏడాదే, ముప్పై తొమ్మిదేళ్ల వయసులో పోయాడు.

పోచమ్మమైదాన్ మెకానిక్
మేడారం జాతర స్పెషల్ బస్సుల ఫుట్‌బోర్డు మీద నిలబడ్డోనికి ఎన్ని పాస్కల్‌ల ప్రెషర్ పడ్తదో నాకెరుక. ఆ యూనిట్‌కు పేరిచ్చినాయనే బస్సు గూడ కనిపెట్టిండంటే నేను నమ్ముత.

డిపో తాత
ఈ ముచ్చట చూసి నిద్ర పట్టలే. ఆర్టీసీల కండక్టర్‌గ చేసి రిటైరైన. మీరు ఫ్రాన్స్, లండన్ తిరిగిండ్రు, జర మన దిక్కు గూడ రాండ్రి. మన దగ్గర సర్కారు బస్సు మొదలైంది 1932ల. నిజాం స్టేట్ రైల్వేకు రోడ్డు విభాగం పెట్టిండ్రు. 27 బస్సులు, 166 మంది నౌకర్లు. రైల్వే కింద ఉండె బస్సు! అప్పటి ఆల్బియన్ కంపెనీ బస్సు ఒకటి, డెక్కన్ క్వీన్ అని, హైదరాబాదుల బస్ భవన్‌ల పెట్టిండ్రు. పోయినప్పుడు చూడుండ్రి. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది 1958 జనవరి 11న. తర్వాత బోర్డుల మీద పేర్లు ఎన్ని మారినా, బండి నంబర్ల జెడ్ అక్షరం మాత్రం పోలే. మా పాత వరంగల్ బండ్లకు ఏపీ 36 జెడ్ అని ఉండేది. నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ జెడ్ అని డిపోల చెప్పుకునేటోళ్లం. కొత్తగ వచ్చిన ప్రతి పిలగానికి ఆ కథ చెప్పి చాయ్ తాగిపిచ్చుకునుడు మా రివాజు.

ఇగ మాట ముచ్చట. మా నాయిన చచ్చేదాక బస్సు అనలే. "మోటరు" అనేటోడు. "పొద్దుగాల మోటరుకు ఓరుగల్లు పోవాలె" అని రాత్రే ధోతి ఉతికి ఆరేసుకునేటోడు. ఊళ్లకు మోటరు వచ్చిందంటే పిలగాండ్లం దుమ్ముల పడి దాని ఎనుక ఉరికేటోళ్లం. బావులకు కరెంటు మోటర్లు వచ్చినంక ఆ పేరు అవి గుంజుకున్నయి. ఇప్పుడు "మోటరు వచ్చిందా" అంటే కరెంటు వచ్చి నీళ్లు పోస్తున్నదా అని అర్థం. బస్సుకు మోటరు పేరు పోయింది, బస్సు పేరే మిగిలింది.

సర్కారు పెద్ద బస్టాండ్లకు "ప్రయాణ ప్రాంగణం" అని బోర్డు రాసింది. నా సర్వీసుల ఒక్కడంటే ఒక్కడు "ప్రయాణ ప్రాంగణానికి ఒక టికెట్" అని అడగలే.

హంటర్ రోడ్డు
తాతా, "ఎర్రబస్సు" మర్చిపోయినవ్. హైదరాబాదుల మొదటి నౌకరి చేసేకాడ ఏదన్న తెల్వకుంటే "ఎర్రబస్సు దిగొచ్చినవా" అనేటోళ్లు. అందరికి అని పేరు పెట్టిన బండి తిట్టు ఎట్లయిందో!

డిపో తాత
తిట్టినోడు గూడ ఏదో ఒకనాడు ఆ బస్సు దిగినోడే బిడ్డా. లేకుంటే రంగు ఎట్ల ఎరుక?

చెల్పూరు కరెంటోడు
నేను భూపాలపల్లి దిక్కు థర్మల్ ప్లాంటుల చేస్త. మాకు స్విచ్‌యార్డుల రోజూ బస్సు ఉంటది, చక్రాలు ఉండయి. బస్‌బార్ అంటం. లావు అల్యూమినియం పైపో, రాగి పట్టీనో ఉంటది. అన్ని జనరేటర్ల నుంచి కరెంటు అండ్లకు వస్తది, ఆడి నుంచి అన్ని లైన్లకు పోతది. ఒక్కొక్కదానికి వేరే వేరే తీగ గుంజకుండ అన్నిటికి ఒకటే కడ్డీ. ఆ "అన్నిటికి" అనే మాటే ఓమ్నిబస్ బార్. అదే కురుచై బస్‌బార్ అయింది. నేను ఇన్నేండ్లు అది బస్సు లెక్క పొడుగ్గ ఉంటదని ఆ పేరనుకున్న. ఇయ్యాల తెలిసింది.

కంప్యూటర్లోళ్లు మా దగ్గర నుంచే ఎత్తుకపోయిండ్రు. లోపల ముక్కలన్నిటికి సమాచారం మోసే ఉమ్మడి దారిని బస్ అంటరు. మీ ఫోన్ ఛార్జర్ వైరు యూఎస్‌బీ ఉంటది గదా, 1996ల వచ్చింది, అండ్ల బీ అంటే బస్సే. పాతకాపు సారు చెప్పిన జపంల నుంచి ఛార్జర్ దాక వచ్చింది తోక.

పరకాల పోరి
ఛార్జర్‌ల బస్సా! మా ఇంట్ల దాని కోసం గూడ కొట్లాటే, సీటు లెక్కనే.

సుబేదారి గుమాస్తా
కోర్టు కాడ పనిచేస్త. "ఓమ్నిబస్‌ను కోసిండ్రు" అంటున్నరు గని చట్టం కోయలే. 1988 మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్‌ల ఇరవై తొమ్మిదో నిర్వచనం చూడుండ్రి. డ్రైవర్ గాక ఆరుగురికన్న ఎక్కువ మందిని ఎక్కించుకునేటట్టు చేసిన మోటారు బండి ఏదైనా "ఓమ్నిబస్". ఆ లెక్కన మా ఊరి నుంచి కూలోళ్లను తెచ్చే తుఫాన్ బండి గూడ ఓమ్నిబస్సే. తమిళనాడుల అయితే ప్రైవేటు బస్సులను ఇప్పటికీ ఆమ్నీ బస్సు అనే అంటరు, తిరుపతి దాటినంక బోర్డులు చూసిన.

పోచమ్మమైదాన్ మెకానిక్
ఆగుండ్రి ఆగుండ్రి. ఓమ్ని అంటే మారుతి ఓమ్ని గదా! నా షెడ్డుల వంద బండ్లకు పనిచేసిన. దానికి, దీనికి సంబంధం ఉన్నదా?

ఫాతిమానగర్ పాతకాపు
ఉండకేం తమ్మీ, మనం పారేసిన నెత్తి అదే! 1984ల వచ్చినప్పుడు దాని పేరు మారుతి వ్యాన్. 1988ల ఓమ్ని అని మార్చిండ్రు. మాట రెండు ముక్కలైంది: తోక ఆర్టీసీకి పోయింది, నెత్తి మారుతికి వచ్చింది. "అందరి" అనేది వ్యాన్ల, "కి" అనేది బస్సుల. రెండూ హన్మకొండ చౌరస్తల పక్కపక్కన ట్రాఫిక్‌ల ఆగితే అప్పుడు మాట నిండు అయితది.

మట్టెవాడ తెలుగు సారు
పాతకాపు గారూ, ఇది నాకు తట్టలేదు. చాలా బాగుంది. "కొరకు" అనండి, ఇంకా బాగుంటుంది.

మెకానిక్ బాబూ, మీరు "ఓమ్ని వ్యాను" అంటారు కదా, అందులో వ్యాను కూడా తెగిన తోకే. అసలు మాట కారవాన్. పారసీలో కార్వాన్, ఎడారి దారిన పోయే వర్తకుల బిడారు. హైదరాబాదులో కార్వాన్ అనే పేట ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషువాళ్లు ముందు కప్పున్న పెద్ద బండిని కారవాన్ అన్నారు, తర్వాత "కార" కొట్టేసి "వాన్" ఉంచారు.

పోచమ్మమైదాన్ మెకానిక్
అంటే ఓమ్ని వ్యాన్ అంటే నెత్తి లాటిన్‌ది, తోక పార్సీది, ఇంజన్ సుజుకీది. ఇగ అండ్ల పన్నెండు మంది పెండ్లి బ్యాచ్ మనది. రెండు బండ్ల ముక్కలు అతికి ఒక్క బండి చేసుడు నా షెడ్డుల నేరం అంటరు ఆర్టీవోలు. మాటలకు ఎవ్వడు చలాన్ రాయడు!

శివనగర్
మా తాత వరంగల్ స్టేషన్ ముంగట రిక్షా తొక్కిండు. రిక్షాకు గూడ ఇట్లనే ఏమన్న ఉన్నదా సార్?

ఫాతిమానగర్ పాతకాపు
ఉన్నది. జపాన్ మాట, జిన్‌రికిషా. జిన్ అంటే మనిషి, రికి అంటే బలం, షా అంటే బండి. మనిషి బలంతోని నడిచే బండి. మనదాక వచ్చేసరికి ముందలి ముక్క రాలిపోయింది.

శివనగర్
అంటే మనిషిని తీసేసిండ్రు.

మా తాతకు చెప్పేటట్టు ఉంటే బాగుండు. ఆయనకు మోకాళ్లు అందుకే పోయినయి.

డిపో తాత
స్టేషన్ కాడ ఆఖరి బస్సు దిగినోళ్లను ఇంటికి చేర్చింది వాళ్లే బిడ్డా. అర్ధరాత్రి డ్యూటీ దిగి నేను గూడ ఎన్నోసార్లు ఎక్కిన.

కాజీపేట జంక్షన్
ఆటో అంటే "తానే" అని గ్రీకు అట, ఇప్పుడే మా చెల్లె చెప్తున్నది. తానే నడిచేదని. మా దగ్గర ఆటోలు అట్లనే ఉంటయి, ఎవ్వల మాట ఇనవు.

నయీంనగర్ మామ
అందరికి మస్తు థాంక్స్. రాత్రి పన్నెండు దాక చదివి చిట్టీల రాసుకున్న. పొద్దుగాల మళ్ల ఇద్దరం పరకాల నుంచి వచ్చినం. బస్సు ఇయ్యాల టైముకే వచ్చింది, ఎప్పుడన్న జవాబు రెడీగుంటే గిట్లనే అయితది. ఎక్కినంక చిట్టీ తీసి మొత్తం చెప్పిన. నాంత్ ఊరు, వేడినీళ్లు, టోపీల దుకాణం, పాస్కల్, మారుతి ఓమ్ని. టోపీల కథకు నవ్వింది గని, పాస్కల్ కాడ మాత్రం "ఎక్కనియ్యనోళ్లు ఏం చేసిండ్రు మామా" అని అడిగింది. నడిచిండ్రు అన్న. ఇంకేం చెప్పాలె?

అప్పుడే కండక్టరమ్మ వచ్చి "ఎక్కడికి?" అన్నది. మా పోరి ఆధార్ కార్డు చూపెడుతనే, "మామా, ఎక్కడి 'కి', అండ్ల గూడ బస్సున్నది!" అని గట్టిగ నవ్వుడు పెట్టింది. కండక్టరమ్మ నా మొఖం చూసింది. నేను కిటికీల నుంచి చెరువు చూసిన.

మట్టెవాడ తెలుగు సారు
అమ్మాయికి నా ఆశీస్సులు. చురుకైన పిల్ల. అయితే "ఎక్కడికి"లోని "కి" షష్ఠి అని, బస్సు చతుర్థి అని హన్మకొండ చేరేలోపు చెప్పండి.

కాజీపేట జంక్షన్
సార్, వాళ్లు దిగిపోయిండ్రు.